బీటిల్స్ చివరి రికార్డు ఏది?

పెన్షనర్ల పత్రికలో ఇంగ్లండు కుర్రాళ్ల పాటల గురించి వ్యాసమేమిటని కొందరు మిత్రులకు సందేహం కలుగవచ్చు. త్యాగరాజ కీర్తనల మీదనో, ఘంటసాల గారి పద్యాల మీదనో నాకంటె బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నాకు కాస్త తెలిసిన సంగీత చరిత్ర ఇదొక్కటే. ప్రత్యేక సంచికకు ఏదో ఒకటి వ్రాసి తీరవలసిందేనని సంపాదకవర్గం వారు పట్టుబట్టారు కనుక, తప్పు వారిదీ నాదీ చెరిసగం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సెక్షనులోని ఒక మిత్రునికీ నాకూ టీ వేళ ఒకటే తగాదా. బీటిల్స్ చివరి రికార్డు ఏది? ఆయన ‘లెట్ ఇట్ బి’ అనేవారు. నేను ‘యాబీ రోడ్’ అనేవాడిని. విడుదల తేదీలు చూస్తే ఆయన మాటే ఒప్పు. ‘యాబీ రోడ్’ 1969 సెప్టెంబరు 26న వచ్చింది. ‘లెట్ ఇట్ బి’ 1970 మే 8న వచ్చింది. అయితే రెండోదానిలోని పాటల్లో చాలాభాగం 1969 జనవరిలోనే రికార్డు చేసి మూలన పెట్టినవి. నలుగురూ కలిసి కూర్చుని చివరగా చేసిన పని ‘యాబీ రోడ్’. జావక్ రిజిస్టరులోని తేదీ వేరు, ఫైలు మీద సంతకం చేసిన తేదీ వేరు. ఆ తేడా మన వారికి నేను వివరించనక్కరలేదు.

కుటుంబ సభ్యుల కోసం రెండు ముక్కలు. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ లివర్‌పూల్ రేవుపట్టణం కుర్రాళ్లు. వారి మొదటి ఎల్.పి.లోని 14 పాటలలో 10 పాటలు 1963 ఫిబ్రవరి 11న ఒక్కరోజులోనే రికార్డు చేశారు. 1965 డిసెంబరులో వచ్చిన ‘రబ్బర్ సోల్’లో హారిసన్ సితార్ వాయించాడు. 1966 ఆగస్టులో ‘రివాల్వర్’ వచ్చింది. అదే నెల 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆడిన తరువాత కచేరీ పర్యటనలు మానేశారు. 1967 నాటి ‘సార్జెంట్ పెప్పర్’ను లోకమంతా నెత్తిన పెట్టుకున్నది. నా మట్టుకు ‘రివాల్వరే’ గొప్పది. ‘పెప్పర్’లో అలంకారం ఎక్కువ, పాట తక్కువ. ఈ మాటకు నా మీద కోప్పడేవారు కోప్పడవచ్చు.

1967 ఆగస్టు 27న వారి మేనేజరు బ్రయన్ ఎప్‌స్టీన్ మరణించాడు. నలుగురినీ ఒక తాటి మీద నిలిపిన మనిషి ఆయన. 1968 ఫిబ్రవరిలో వారు మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి, మన హృషీకేశం వచ్చారు. అక్కడ కట్టిన పాటలు చాలావరకు ఆ ఏడాది నవంబరులో తెల్లని అట్టతో వచ్చిన జంట రికార్డులోకి ఎక్కాయి. మొత్తం 30 పాటలు. సగం తీసివేస్తే అంతటి రికార్డు మరొకటి ఉండదని నా అభిప్రాయం. ఏ సగం తీయాలో మాత్రం యాభై ఏళ్లుగా తేల్చుకోలేకపోతున్నాను. ఆ రికార్డింగు నడుమ రింగో అలిగి రెండు వారాలు వెళ్లిపోయాడు. సార్డీనియాలో పడవ మీద ఉండగా, ఆక్టోపస్‌లు రాళ్లు ఏరి తోటలు పేర్చుకుంటాయని ఆ పడవ కెప్టెన్ చెప్పాడట. దాన్నే పాట కట్టాడు. తిరిగి వచ్చేసరికి అతని డ్రమ్స్ నిండా పూలు పెట్టి ఉన్నాయి.

ఇక 1969 జనవరి. ట్వికెన్‌హామ్ ఫిల్ము స్టూడియోలో, కెమెరాల ఎదుట, చలిలో కొత్త పాటలు తయారుచేయాలని 2వ తేదీన కూర్చున్నారు. 10వ తేదీన హారిసన్ లేచి వెళ్లిపోయాడు. నలుగురిలో చిన్నవాడు అతడు. ఎన్ని పాటలు తెచ్చినా ముందు లెనన్, మెకార్ట్నీల పాటలే. సీనియారిటీ జాబితాలో కిందనున్నవాడి నోటు పైకి కదలటం ఎంత కష్టమో మనకు తెలియనిదా! కొన్ని రోజులకు సర్దుబాటు జరిగి, సావిల్ రోలోని వారి సొంత ఆఫీసు నేలమాళిగకు మకాం మార్చారు. ఆర్గన్ వాయించే బిల్లీ ప్రెస్టన్ వచ్చి చేరాడు. ఇంటికి చుట్టం వస్తే ఆలుమగలు మర్యాదగా మాట్లాడుకున్నట్లు, అతడు రాగానే నలుగురూ సర్దుకున్నారు. 30వ తేదీన ఆ ఆఫీసు మేడమీద 42 నిమిషాలు వాయించారు. పోలీసులు వచ్చేదాకా సాగింది. జనం ఎదుట వారు ఆడిన ఆఖరి ఆట అదే.

ఆ టేపులు ఎవరికీ నచ్చలేదు, పక్కన పడ్డాయి. మెకార్ట్నీ తమ పాత రికార్డింగు పెద్ద జార్జ్ మార్టిన్ దగ్గరకు వెళ్లి, మునుపటిలాగే ఒక రికార్డు చేద్దామన్నాడు. మునుపటిలాగే తన మాట వింటేనే చేస్తానన్నారాయన. సరేనన్నారు. వేసవి అంతా పనిచేశారు. మోటారు ప్రమాదంలో దెబ్బ తగిలిన లెనన్ వారం ఆలస్యంగా వచ్చాడు. ఆగస్టు 20న నలుగురూ కలిసి స్టూడియోలో కూర్చున్నారు. ఆ తరువాత అలా కూర్చోలేదు.

‘యాబీ రోడ్’ మొదటి వైపు ‘మాక్స్‌వెల్స్ సిల్వర్ హామర్’ పాటను నేను ముల్లెత్తి దాటించేస్తాను. దాని మీద రోజుల తరబడి పని చేయించినందుకు మిగిలిన ముగ్గురూ విసుక్కున్నారు, విసుక్కోవలసిందే. కాని రికార్డులోకెల్లా మంచి పాటలు రెండూ హారిసన్‌వి. ‘హియర్ కమ్స్ ది సన్’ పాటను ఆఫీసు మీటింగు ఎగ్గొట్టి, స్నేహితుడు ఎరిక్ క్లాప్టన్ తోటలో కూర్చుని కట్టాడు. మీటింగులు ఎగ్గొట్టి మనలో ఎవరమైనా అంత పని చేశామా? రెండో వైపు, సగం సగం మిగిలిపోయిన పాటలను ఒకదానికొకటి కుట్టి సుమారు పదహారు నిమిషాల మాలగా చేశారు. చివరలో రింగో ఒంటరిగా డ్రమ్స్ వాయిస్తాడు. ఆ పైన ముగ్గురూ వంతులవారీగా గిటార్ అందుకుంటారు. ఆరు నెలల క్రితం ఒకరి మొహం ఒకరు చూడలేనివారేనా వీరు అనిపిస్తుంది.

అసలు చివరి పాట అది కాదు. ‘హర్ మెజెస్టీ’ అనే 23 సెకండ్ల ముక్కను తీసి పారేయమని మెకార్ట్నీ అన్నాడు. టేపు చూసుకునే కుర్ర ఉద్యోగికి కంపెనీ వారి ఆజ్ఞ, ఏదీ పారవేయరాదని. అతడు దాన్ని టేపు చివర అంటించాడు. విన్నవారికి నచ్చింది, అలాగే ఉంచేశారు. రూలు పాటించిన గుమాస్తా చలవ.

ఆ రికార్డు మార్కెట్టుకు రాకముందే, తాను విడిపోతున్నానని లెనన్ మిగిలినవారికి చెప్పేశాడు. 1970 ఏప్రిల్ 10న మెకార్ట్నీ సంగతి పత్రికల కెక్కింది. ఈలోగా పాత టేపులను ఫిల్ స్పెక్టర్ చేతిలో పెట్టారు. ఆయన ‘ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ పాటకు వయొలిన్లూ, ఆడవారి బృందగానమూ జోడించాడు. పాట కట్టిన మెకార్ట్నీ మండిపడ్డాడు. ఏడాది చివర డిసెంబరు 31న కోర్టుకు కూడా వెళ్లాడు. 2003లో ఆ హంగులన్నీ తీసివేసి మళ్లీ విడుదల చేశారు. న్యాయంగా అదే మంచిది. నా చెవికి మాత్రం ఆ వయొలిన్లే అలవాటు.

కనుక ‘లెట్ ఇట్ బి’ అంటే పోట్లాటల రికార్డని, వినదగినది కాదని మిత్రునితో వాదించేవాడిని. ఆయన ఒకటే మాట అనేవారు: “ఆ పాటల్లో నవ్వు వినిపిస్తున్నదండీ, మీరు వినటం లేదు.” పోట్లాటల్లో నవ్వేమిటని తీసిపారేశాను.

2021 నవంబరులో పీటర్ జాక్సన్ ఆ జనవరి నాటి ఫిల్మునంతా శుభ్రం చేయించి దాదాపు ఎనిమిది గంటల చిత్రంగా తెచ్చాడు. మా మనవరాలు టి.వి.లో పెట్టింది. మూడు రాత్రులు చూశాను. లెనన్ ఇంకా రాలేదు. మెకార్ట్నీ ఊరికే తీగెలు గోకుతున్నాడు, హారిసన్ ఆవులిస్తున్నాడు. చూస్తుండగానే ఆ గోకుడులోంచి ‘గెట్ బ్యాక్’ పాట రూపం కడుతున్నది! అలకలూ ఉన్నాయి, కాదనను. కాని నవ్వులు అంతకు రెట్టింపు. ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. నేను యాభై ఏళ్లు పట్టుకు వేళ్లాడిన అభిప్రాయం సగానికి సగం తప్పు.

ఈ సంగతి ఒప్పుకోవటానికి ఆయన లేరు. ఆ చిత్రం రావటానికి మూడేళ్ల ముందే వెళ్లిపోయారు. చివరిసారి మన సంఘం వార్షిక సమావేశంలో కలిసినపుడు కూడా ఇదే తగాదా పడి, కాఫీలు చల్లార్చుకున్నాం.

మనవరాలిది ఇంకొక లెక్క. లెనన్ ఇంట్లో క్యాసెట్టు మీద పాడుకున్న పాట నుంచి అతని గొంతును కంప్యూటరుతో విడదీసి, హారిసన్ 1995లో వాయించిన గిటార్ చేర్చి, ఉన్న ఇద్దరూ పూర్తిచేసి 2023 నవంబరు 2న ‘నౌ అండ్ దెన్’ విడుదల చేశారు. చివరిది అదేనంటుంది. ఒక్క పాట రికార్డు లెక్కలోకి రాదని నేను వాదిస్తున్నాను. నా ఓటు ఇప్పటికీ ‘యాబీ రోడ్’కే.

మిత్రుని ‘లెట్ ఇట్ బి’ వారింట్లో ఇంకా భద్రంగా ఉన్నదట. నా రికార్డు ప్లేయరుకు ముల్లు మార్పించాను. వారి అబ్బాయికి ఫోను చేసి, ఒక్క నెల అరువు అడగాలి.