శ్రీశైలం నీళ్లు, అలంపురం గుళ్లు

శ్రీశైలం జలాశయం కింద గుళ్లకు మూడు రకాల గతి పట్టింది. బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలు మా అలంపురంలో కట్టిన చోటే ఉన్నాయి. తుంగభద్ర వైపు కరకట్ట వేసి వాటిని కాపాడారు. తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లి దగ్గరి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి, అలంపురం తెచ్చి మళ్లీ పేర్చారు. దిగువన సప్తనదుల సంగమేశ్వరం మాత్రం ఏటా మునుగుతుంది, వేసవిలో మట్టం తగ్గితే బయటపడుతుంది. ఈ తేడాకు గుడి గొప్పతనం ఒక్కటే కారణం కాదు. జలాశయం నిండు మట్టం 885 అడుగులని ఖాయమయ్యాక, ఆ గీతకు లోపలున్నదాని గురించి మిగిలేది ఎలా తరలించాలన్న ప్రశ్నే. కూడవెల్లి గుడికి శిల్పం దక్కింది, సంగమం దక్కలేదు. సంగమం దగ్గర లేని సంగమేశ్వరుడికి ఆ పేరు ఎందుకొచ్చిందో ఇప్పుడు బోర్డు చూసి తెలుసుకోవాలి. నాగార్జునకొండలోనూ నిర్ణయమే ముందు: 1955లో నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది, తవ్వకాలేమో 1960 దాకా నీళ్లతో పోటీపడి సాగాయి.

కరువు సీమకు నీళ్లు కావాలా, పాత రాళ్లు కావాలా అని అడిగేవాళ్లున్నారు. నీళ్లే కావాలి, అందులో వాదన లేదు. అయితే అలంపురం కరకట్ట ప్రాజెక్టును ఆపలేదుగా! 2009 అక్టోబరు వరద ఊళ్లోకి వచ్చింది నిజమే, గుళ్లు మాత్రం నిలిచాయి. పురావస్తు నిపుణులు ఉండగా పాత రాళ్ల గురించి ఊరివాళ్లను అడగడం దేనికన్నది మరో అభ్యంతరం. గుడి వయసు నిపుణుడు చెబుతాడు. ఏ చేనిగట్టున వీరగల్లు ఉందో, ఏ శాసనపు రాయి బావి ఒరలో కలిసిపోయిందో చెప్పాల్సింది ఆ చేను దున్నేవాడే. చట్టం కూడా ఇక్కడే చాలదు. ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. జాబితాకెక్కని వీరగల్లుకు ఆ నీడ లేదు.

ఇప్పుడు కృష్ణపై సోమశిల దగ్గర వంతెన తలపెట్టారు. దానికైనా, రేపటి మరో రోడ్డుకైనా, సర్వే రాళ్లు పాతకముందే గ్రామసభ పెట్టించి, ఊళ్లోని పాత రాళ్ల జాబితా రాయించి ఇంజనీర్ల చేతికివ్వమని నదీతీర పంచాయతీలన్నిటికీ నా మనవి.