ఇంటి డీవీడీ ప్లేయర్‌లో కంప్యూటర్ వీడియో ఫైళ్లు: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కంప్యూటర్‌లోని వీడియో ఫైళ్లను ఇంటి డీవీడీ ప్లేయర్‌లో చూడటానికి జరిగిన ప్రయత్నాల చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఫైలును ప్లేయర్‌కు తగినట్లు మార్చడం, ప్లేయర్‌కే ఫైలును చదవడం నేర్పడం అనే రెండు మార్గాలను వివరించి, దృశ్యసామగ్రిని భద్రపరచుకోవలసిన పరిశోధకులకు ఈ చరిత్ర ఇచ్చే సూచనలను చర్చిస్తుంది.

కీలకపదాలు: వీసీడీ, డీవీడీ, డివ్‌ఎక్స్, కోడెక్, ప్రమాణం, పరిరక్షణ.

1. ఉపోద్ఘాతం:
తాళపత్రం చేతిలో ఉన్నా లిపి తెలియనివారికి గ్రంథం అందదు. డిస్కు విషయమూ అంతే. కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన వీడియోను సీడీపై రాసి ఇంటి ప్లేయర్‌లో పెడితే తెర ఖాళీగా మిగలడం 2000 తరువాతి సంవత్సరాల్లో చాలామందికి పరిచితమైన అనుభవం. లోపం డిస్కులో కాదు, దానిపై ఉన్న సంకేతభాషను ప్లేయర్ చదవలేకపోవడంలో ఉంది.

2. సంస్థలు నిర్ణయించిన ప్రమాణాలు:
ఫిలిప్స్, సోనీ, మత్సుషిత, జేవీసీ సంస్థలు 1993లో వీసీడీ ప్రమాణాన్ని రూపొందించాయి. ఇందులో దృశ్యాన్ని ఎంపెగ్-1 పద్ధతిలో సెకనుకు 1,150 కిలోబిట్ల చొప్పున కుదిస్తారు. ఒక డిస్కులో పట్టేది సుమారు 74 నిమిషాలే కనుక రెండున్నర గంటల తెలుగు సినిమాకు రెండు, ఒక్కోసారి మూడు డిస్కులు అవసరమయ్యేవి. 1996 నవంబరులో జపాన్‌లో విడుదలైన డీవీడీ ప్లేయర్ ఎంపెగ్-2 పద్ధతిని అనుసరించింది. ఒక పొర గల డిస్కు సామర్థ్యం 4.7 గిగాబైట్లు. సంకేతాలను విప్పే పని ప్లేయర్‌లోని చిప్‌లోనే స్థిరపడి ఉండటం వల్ల కొత్త పద్ధతిని తరువాత నేర్పడానికి అవకాశం స్వల్పం.

3. ఫైలును మార్చే మార్గం:
మైక్రోసాఫ్ట్ రూపొందించిన ఎంపెగ్-4 కోడెక్‌ను ఫ్రాన్స్‌కు చెందిన జెరోమ్ రోటా 1999 ప్రాంతంలో మార్పుచేసి డివ్‌ఎక్స్ పేరుతో వ్యాప్తిలోకి తెచ్చాడు. అమెరికాలో 1998లో మొదలై మరుసటి ఏడాదే మూతపడిన, చూసినదానికి రుసుము చెల్లించే డిస్కుల పథకం పేరు కూడా డివ్‌ఎక్సే. దానిని ఎగతాళి చేస్తూ రోటా ఆ పేరునే ఎంచుకున్నాడు.

దీని ప్రయోజనాన్ని లెక్క వేసి చూడవచ్చు. 700 మెగాబైట్ల సీడీలో రెండున్నర గంటల సినిమా పట్టాలంటే చిత్రం, ధ్వని కలిపి సెకనుకు సుమారు 650 కిలోబిట్లు మించకూడదు. ఇది వీసీడీ వేగంలో సగం కంటే తక్కువ. అయినా చూడదగిన నాణ్యత లభించింది. అయితే ఇలాంటి ఫైలును పాత ప్లేయర్‌లో చూడాలంటే ఎంపెగ్-1 లేదా ఎంపెగ్-2లోకి తిరిగి కుదించాలి. దీనికి గంటల సమయం పట్టేది, కుదించిన ప్రతిసారీ కొంత నాణ్యత నశించేది.

4. ప్లేయర్‌ను మార్చే మార్గం:
ఎంపెగ్-4ను నేరుగా చదివే ప్లేయర్లను తెచ్చిన తొలి సంస్థల్లో డెన్మార్క్‌కు చెందిన కిస్ టెక్నాలజీ ఒకటి. దాని డీపీ-450 ఇందుకు ఉదాహరణ. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అయిన ఎంప్లేయర్ కోడ్‌ను ఈ సంస్థ అనుమతి నిబంధనలకు విరుద్ధంగా వాడుకున్నదని ఆ రూపకర్తలు 2004లో ఆరోపించగా, సంస్థ ఖండించింది. ఇంటి పెట్టెలోని జ్ఞానం ఎవరిదన్న ప్రశ్న అప్పుడే తలెత్తిందన్నమాట.

ఈ ప్లేయర్లకూ పరిమితులున్నాయి. ఏవీఐ అనేది కేవలం ఒక బరిణ వంటిది. అందులోని కోడెక్ ఏదైనా కావచ్చు. ఒకే పేరు తోక గల రెండు ఫైళ్లలో ఒకటి ఆడి మరొకటి ఆడకపోవడానికి కారణమిదే.

5. మన విపణిలో డిస్కు:
అనధికార ప్రతుల వ్యాప్తికి ఈ సాంకేతికత తోడ్పడిందన్నది కాదనలేని విషయం. దానికి ఎదురుగా మోసర్ బేర్ సంస్థ తెలుగు సహా భారతీయ భాషా చిత్రాలను వీసీడీ రూ.28, డీవీడీ రూ.34 వంటి తక్కువ ధరలకు విడుదల చేసింది. ఇలా డిస్కు ధర తగ్గింది కానీ, డిస్కు ఆయుష్షు పెరగలేదు.

6. ముగింపు:
సి.పి. బ్రౌన్ 19వ శతాబ్దిలో పండితులను, లేఖకులను నియమించి తాళపత్రాల్లోని కావ్యాలను కాగితాలపైకి ఎత్తి రాయించాడు. పాఠాంతరాలను పోల్చి చూపించాడు. క్షేత్రపర్యటనల్లో చిత్రీకరించిన బుర్రకథలు, యక్షగానాలు సీడీల్లో ఉన్న పరిశోధకులు నేడు చేయవలసిన పని కూడా అటువంటిదే. మూలఫైలును యథాతథంగా నకలు తీసి ఉంచాలి. చూడటానికి వీలుగా మార్చిన ప్రతిని వేరుగా ఉంచాలి. కోడెక్ వివరాన్ని రాసి జతచేయాలి. ప్లేయర్లు అంగళ్ల నుంచి కనుమరుగవుతున్నా, 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ ప్రారంభించిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి బహిరంగ సాఫ్ట్‌వేర్ ఆనాటి ఎంపెగ్-1, ఎంపెగ్-2, డివ్‌ఎక్స్ ఫైళ్లను నేటికీ చదువుతోంది. ఒక దృశ్యాన్ని తరువాతి తరానికి అందించాలంటే డిస్కును దాచితే చాలదు, దానిని చదివే విద్యనూ అందరికీ అందుబాటులో ఉంచాలి.