‘ప్రతిపాదిత’ పదం - భవిష్యత్ సూచన: జక్రాన్‌పల్లి విమానాశ్రయం ఆధారంగా ఒక పరిశీలన

నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి పేరు పాలనా వ్యవహారంలోనూ పత్రికల్లోనూ ‘ప్రతిపాదిత విమానాశ్రయం’ అనే పదబంధంతో ముడిపడి ఉంది. తెలంగాణ ప్రభుత్వం విమానాశ్రయాలకు గుర్తించిన ఆరు ప్రాంతాల్లో ఇది ఒకటి. మామునూరు, బసంత్‌నగర్, ఆదిలాబాద్, పాల్వంచ, మహబూబ్‌నగర్ తక్కినవి. ‘ప్రపోజ్డ్’ అనే ఆంగ్ల పదానికి సమానార్థకంగా స్థిరపడిన ఈ మాట భవిష్యత్తును ఏ మేరకు సూచిస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

‘ప్రతిపాదిత’ క్త ప్రత్యయాంత రూపం; జరిగిన పనిని తెలుపుతుంది. ఇక్కడ జరిగినది ప్రతిపాదన మాత్రమే, నిర్మాణం కాదు. శాస్త్ర పరిభాషలో ప్రతిపాదించడమంటే ప్రమాణపూర్వకంగా స్థాపించడం. ‘శాస్త్రప్రతిపాదితం’ అన్నప్పుడు నేటికీ ఆ అర్థమే స్ఫురిస్తుంది. పాలనా భాషలో అదే పదం ఇంకా తేలని విషయానికి విశేషణమైంది. రుజువైనదాన్ని చెప్పిన పదం రుజువు కావలసినదాన్ని చెప్పసాగింది.

చిన్నయసూరి ‘బాలవ్యాకరణం’ (1858) భవిష్యదర్థక, తద్ధర్మార్థక క్రియలను వేర్వేరుగా చూపింది. ఆధునిక వ్యవహారంలో ‘వస్తుంది’ అన్న ఒకే రూపం రెండింటికీ చాలుతున్నది. అందువల్ల భవిష్యత్తులోని నిశ్చయానిశ్చయ భేదాన్ని చెప్పే భారం విశేషణాలపై పడింది. ‘రానున్న విమానాశ్రయం’ రాకను నిశ్చయిస్తుంది. ‘ప్రతిపాదిత విమానాశ్రయం’ నిశ్చయించదు. వార్తా రచనలో ఒకదానికి బదులు మరొకటి వాడితే మారేది శైలి కాదు, అర్థం.

2008 నాటి గ్రీన్‌ఫీల్డ్ విమానాశ్రయ విధానం ప్రకారం మొదట స్థల అనుమతి, తరువాత ‘సూత్రప్రాయ’ ఆమోదం లభించాలి. నిర్మాణం పూర్తయ్యాక కూడా విమానాల రాకపోకలకు లైసెన్సు కావాలి. జక్రాన్‌పల్లి విషయంలో భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ‘సాధ్యాసాధ్యాల’ అధ్యయనం చేపట్టింది. ఆంగ్లంలోని ‘ఫీజిబిలిటీ’ సాధ్యతను మాత్రమే పేర్కొంటుంది. తెలుగు ద్వంద్వ సమాసం అసాధ్యతకూ సమానంగా చోటిచ్చింది. ఈ అనువాదం మూలం కన్నా జాగ్రత్త గలది. ‘సూత్రప్రాయం’ విషయం ఇందుకు భిన్నం. ‘ఆమోదం’ అనే విశేష్యం ముందు ఆ విశేషణం బలహీనపడి, పాఠకునికి తుది అనుమతిగా తోచే అవకాశముంది.

పసుపు, జొన్న, వరి పండే ఈ ప్రాంతంలో ఇది కేవలం నిఘంటు చర్చ కాదు. బోరు వేయించాలా, భూమి అమ్మాలా, ఆగాలా అన్న రైతు నిర్ణయం ఆ విశేషణాన్ని అతడు ఎలా అర్థం చేసుకున్నాడన్న దానిపై ఆధారపడవచ్చు. కనుక పాలనా పరిభాషా నిర్మాతలు సమానార్థక పదాన్ని ఇవ్వడంతో సరిపెట్టక, అది ఏ దశను సూచిస్తుందో కూడా నిర్వచించవలసి ఉంది.