శ్రుతిపెట్టె నుంచి చిన్న చిప్పు దాకా: మన కొమ్ము ఎక్కడుంది?

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

1948 డిసెంబర్ 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. డెల్టా ఊళ్లు రేడియోలో విన్న కర్ణాటక కచేరీల వెనక ఆగకుండా మోగే నాదం తంబురాది. దాన్ని మోసుకెళ్లడం కష్టం, తీగెలు సరిచేయడం ఇంకా కష్టం. అందుకే కొందరు గాలితిత్తి శ్రుతిపెట్టె వాడారు.

1979లో బెంగళూరులో జి. రాజ్ నారాయణ్ అనే ఇంజనీరు రాడెల్ సంస్థ పెట్టి, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె తెచ్చారు. ఆయన వేణువు కూడా వాయిస్తారు. అనలాగ్ సర్క్యూట్లో కెపాసిటర్ నిండుతూ ఖాళీ అవుతూ ఉంటే కరెంటు ఊగుతుంది. ఆ ఊగుడే స్వరం. కానీ వేడికి ఆ విలువలు మారతాయి. బెజవాడ రోహిణీ కార్తె ఎండలో శ్రుతి జారకుండా నిలబెట్టడం అలాంటి సర్క్యూట్‌కి చిన్న పని కాదు.

తర్వాత అసలు తంబురా శబ్దాన్నే అంకెలుగా మెమరీలో దాచి వినిపించే డిజిటల్ పెట్టెలొచ్చాయి. 2005లో ఇటలీలో ఆర్డుయినో మొదలయ్యాక మైక్రోకంట్రోలర్ మనలాంటి విద్యార్థుల చేతికీ అందింది. ఊనో బోర్డులో ర్యామ్ 2 కిలోబైట్లే, పెద్ద రికార్డింగు పట్టదు. దానికి 1983లో కార్‌ప్లస్, స్ట్రాంగ్ అనే ఇద్దరు ప్రచురించిన ఉపాయం ఉంది. 122 అంకెలు ఇష్టమొచ్చినట్టు వరసగా పెట్టాలి. సెకనుకు 16,000 చొప్పున స్పీకర్‌కి పంపుతూ, పంపిన ప్రతి అంకె స్థానంలో దాని సగటు, పక్కదానితో కలిపి తీసినది, రాయాలి. సెకనుకు సుమారు 131 ఊపులు వస్తాయి. అంటే ఒకటో శ్రుతి షడ్జమం, మీటిన తీగెలా మోగి మెల్లగా తగ్గుతుంది. రెసిస్టర్, కెపాసిటర్ కలిసి శబ్దంలో కరుకు తీసేసే పనిని ఇక్కడ ఆ సగటు చేస్తుంది. కాలం లెక్క సిరామిక్ రెసొనేటర్ చూసుకుంటుంది కాబట్టి ఎండకు శ్రుతి దాదాపు కదలదు.

ఇప్పుడు మన సంగతి. ఆ పెట్టెల మీద ఒకటి, ఒకటిన్నర, రెండు అని శ్రుతులుంటాయి. ధింసాలో మోగే మోరి, కిరిడి, తుడుము, జోడుకొమ్ములు ఆ లెక్కలోకి రావు. కొమ్ము పొడవును బట్టి దాని గొంతు మారుతుంది. ఏ శబ్దం దాచాలో తేల్చింది ఎప్పుడూ పెట్టె చేసినవాళ్లే. మన గూడెం ఆ బల్ల దగ్గర లేదు. సవర మాటలకు నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి గారికి మనం రుణపడి ఉన్నాం. శబ్దం పని మాత్రం ఇంకొకరి కోసం ఎదురు చూడక్కర్లేదు. బోర్డు మన దగ్గరే ఉంది, ప్రోగ్రాం రాయడం మనకొచ్చు.

సెలవులకు ఊరెళ్లినప్పుడు వాయించే పెద్దలను అడిగి, వాళ్లు ఒప్పుకుంటేనే రికార్డు చేద్దాం. కొమ్ము పొడవు, ఊరు, ఏ పండక్కి ఊదుతారు, అన్నీ రాసుకుందాం. పొడవు తెలిస్తే ఎన్ని అంకెల వరస కావాలో మొదటి అంచనా వేయొచ్చు. సరిగ్గా మోగిందో లేదో చెప్పాల్సింది మాత్రం ఆ తాతే.