తలకట్టు, వత్తు, అచ్చు: సీమ నేలపై తెలుగు అక్షరం

కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో, జొన్నగిరికి దగ్గరగా ఉన్న ఎర్రగుడి బండల మీద క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. లిపి బ్రాహ్మి. అందులో ‘క’ కూడిక గుర్తులా ఉంటుంది, ‘ఠ’ వట్టి సున్న, ‘థ’ నడుమ చుక్క ఉన్న సున్న. ఆ చుక్క నేటి తెలుగు ‘థ’లోనూ ఉంది. అక్కడి లఘు శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అక్షరాలు గీయడం నేర్చుకునేవారు తప్పక చూడాల్సిన రాయి ఇది.

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలం కలమళ్ల చెన్నకేశవాలయంలో దొరికిన రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 6వ శతాబ్దం నాటిది. తెలుగు వాక్యాలున్న తొలి శాసనాల్లో దాన్ని లెక్కిస్తారు. అప్పటికి బ్రాహ్మి గీతలు వంగడం మొదలుపెట్టాయి. తర్వాతి శతాబ్దాల్లో ఆ వంపు ఇంకా పెరగడానికి తాటాకును కారణంగా చెబుతారు. గంటంతో ఈనెల వెంట అడ్డగీత గీస్తే ఆకు చీలుతుంది, గుండ్రంగా తిప్పితే నిలుస్తుంది.

సీసపు అచ్చు ఈ గుండ్రదనాన్ని కష్టపెట్టింది. తొలి తెలుగు అచ్చక్షరాలు 1740ల్లో జర్మనీలోని హాలేలో, బెంజమిన్ షుల్జ్ పుస్తకాల కోసం తయారయ్యాయి. తర్వాత సీరాంపూరు, మద్రాసు అచ్చుకూటాలు ఆ పని అందుకున్నాయి. చిక్కంతా గుణింతంలోనూ వత్తుల్లోనూ ఉంది. ‘క’ మీది తలకట్టు ‘కు’లో నిలుస్తుంది, ‘కి’లో పోతుంది. ‘రాష్ట్రం’లో ‘ష’ కింద ‘ట’ వత్తు, దానికి తోడు ‘ర’ వత్తు రావాలి. అందువల్ల కంపోజిటరు ముందున్న కేసులో వందల దిమ్మలు ఉండేవి. వత్తుకు చోటివ్వాలంటే వరుసల మధ్య ఎడం పెంచాలి, ఎడం పెంచితే పేజీలో పట్టే పాఠం తగ్గుతుంది. అక్షరం చిన్నదైతే ‘ప’కూ ‘వ’కూ తేడా పలచబడుతుంది, ‘థ’లోని చుక్క సిరాతో పూడిపోతుంది. ఇవాళ తెర మీద తెలుగు ఫాంటు గీసేవారిని పీడించేవి కూడా ఇవే సమస్యలు.

1820లో కలెక్టరు సహాయకుడిగా కడపకు వచ్చిన ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తర్వాత ఇక్కడే బంగళా కొన్నాడు. సొంత ఖర్చుతో పండితులను పెట్టుకుని చేతిరాత ప్రతులకు శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఆయన పరిష్కరించిన వేమన పద్యాలు 1829లో, తెలుగు–ఇంగ్లిషు నిఘంటువు 1852లో మద్రాసులో అచ్చయ్యాయి. ‘చాప’, ‘జాము’ వంటి మాటల్లోని దంత్య ధ్వనిని విడిగా చూపడానికి నిఘంటువులో చ, జల మీద తెలుగు రెండంకె ఆకారపు గుర్తు కనిపిస్తుంది: ౘ, ౙ. పలుకును కంటికి చూపాలన్న ఆ పట్టుదల అక్షర శిల్పికీ అవసరమే.

డీటీపీ కాలంలో ‘అను’ వంటి సాఫ్ట్‌వేర్లు సీసాన్ని సాగనంపాయి. కానీ ఆ సాఫ్ట్‌వేరు ఫాంటు లేని కంప్యూటర్లో దానితో కొట్టిన పాఠం అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల కుప్పగా తెరుచుకునేది. 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు 128 గళ్ల వరుస కేటాయించి ఈ బాధ తీర్చింది. అయినా గళ్లు 128 అన్నంత మాత్రాన బొమ్మలు 128తో సరిపోవు. ప్రతి వత్తుకూ, తలకట్టు మారే ప్రతి రూపానికీ వేరే బొమ్మ గీసి, ఏది ఎప్పుడు రావాలో ఫాంటులోనే నియమాలు రాయాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లను పక్కపక్కన పెడితే నేర్చుకునేవారికి చాలా తెలుస్తుంది: మొదటిదాంట్లో గీత లావు సన్నం అవుతుంది, రెండోదాంట్లో ఒకే మందంతో సాగుతుంది. సిలికానాంధ్ర ధూర్జటి, పెద్దన, తిమ్మన వంటి ఫాంట్లను విడుదల చేసింది. వాటిని ఎవరైనా ఉచితంగా దించుకుని, గీతగీతా విప్పి చూడవచ్చు.

2020లో కడపలో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఏర్పడింది. అక్కడ చదివేవారికి బ్రౌన్ గ్రంథాలయం ఊళ్లోనే ఉంది, కలమళ్ల జిల్లాలోనే ఉంది. ౘ, ౙలు 2008లో యూనికోడ్‌లో చేరాయి కాబట్టి ఇప్పుడు పూర్తి తెలుగు ఫాంటు చేసేవారు ఆ రెండింటినీ గీయాలి, వాటి పైగుర్తు పై వరుసలోని వత్తులకు తగలకుండా కొలత చూసుకోవాలి.