క్షయ నియంత్రణలో ఫార్మసిస్టులు: శిక్షణ, బాధ్యతలు

దగ్గుతో బాధపడే వ్యక్తి అనేక సందర్భాలలో మొదట వెళ్ళేది ఆసుపత్రికి కాదు, సమీపంలోని మందుల దుకాణానికి. అక్కడ దగ్గుమందు ఇచ్చి పంపితే క్షయ గుర్తింపు ఆలస్యమవుతుంది. ఆలోగా వ్యాధి గాలి ద్వారా కుటుంబసభ్యులకు సోకే ప్రమాదం ఉన్నది. ఈ కారణంగా ఫార్మసిస్టులకు ప్రజారోగ్య శిక్షణ ప్రాధాన్యం సంతరించుకున్నది.

చట్టపరమైన బాధ్యతలు: 1948 ఫార్మసీ చట్టం ప్రకారం వైద్యుని చీటీపై మందులు ఇచ్చే అర్హత రిజిస్టరైన ఫార్మసిస్టుకు మాత్రమే కలదు. 2014 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చిన షెడ్యూలు హెచ్-1 కింద క్షయ మందులు, కొన్ని యాంటీబయాటిక్‌ల విక్రయ వివరాలను ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి, మూడేళ్ళు భద్రపరచాలి. వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం అందులో ఉండాలి. 2012లో క్షయను తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించగా, 2018 మార్చి నోటిఫికేషన్ ఈ బాధ్యతను మందుల దుకాణాలకు కూడా వర్తింపజేసింది.

విద్యాక్రమం: భారత ఫార్మసీ మండలి 2008లో ఆరేళ్ళ ఫార్మ్.డి. కోర్సును ప్రవేశపెట్టింది. 2015 ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందుల వాడకంపై సలహా ఇవ్వడాన్ని ఫార్మసిస్టు విధులలో చేర్చాయి. 2020 నిబంధనలతో డిప్లొమా స్థాయిలో సోషల్ ఫార్మసీ పాఠ్యాంశమైంది.

శిక్షణలో ముఖ్యాంశాలు: రెండు వారాలకు మించిన దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, కళ్ళెలో రక్తం కనిపిస్తే రోగిని ఉచిత పరీక్షకై ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి పంపాలి. ఫ్లోరోక్వినలోన్ యాంటీబయాటిక్‌లను వైద్యుని చీటీ లేకుండా ఇవ్వరాదు. అవి క్షయ లక్షణాలను తాత్కాలికంగా తగ్గించి, నిర్ధారణను జాప్యం చేయగలవు.

సాధారణ క్షయకు చికిత్స ఆరు నెలలు. కొద్ది వారాలకే నలత తగ్గడంతో కొందరు మందులు మానివేస్తారు. దీనివల్ల వ్యాధి తిరగబెట్టి, మందులకు లొంగని రూపం దాల్చవచ్చు. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రబారడం చూసి భయపడేవారూ ఉన్నారు. అది హానికరం కాదని ముందే తెలిపితే చికిత్స ఆగదు. చికిత్సాకాలంలో నిక్షయ్ పోషణ్ యోజన కింద లభించే ఆర్థిక సహాయాన్ని 2024 నవంబరు నుంచి నెలకు రూ.500 నుంచి రూ.1,000కి పెంచిన సంగతిని కూడా వారికి తెలియజేయవచ్చు.

వ్యాధి నిర్ధారణ, చికిత్స నిర్ణయం వైద్యుని విధులు. అనుమానితుని సకాలంలో ఆయన వద్దకు చేర్చడం, రోగి వివరాల గోప్యతను కాపాడడం, చికిత్స పూర్తయ్యేవరకు ధైర్యం చెప్పడం ఫార్మసిస్టు నిర్వర్తించవలసిన ప్రజారోగ్య విధి.