ముసవ్విర్ జంగ్ నగరంలో కెమెరా బేరం

1892లో హైదరాబాద్‌లో ఒక ఫొటో స్టూడియో తెరిచారు. ఎత్తైన గోడల మధ్య ఉన్న ఆ స్టూడియోలోకి మగవాళ్లను రానిచ్చేవారు కాదు. ఫొటో తీసేది స్త్రీలే, తీయించుకునేదీ స్త్రీలే. కెన్నీ-లెవిక్ అనే ఆంగ్ల మహిళ దాని బాధ్యత చూసుకునేవారు. దేవిడీల్లో ఘోషా పాటించే బేగంలు, పెద్దింటి ఆడవాళ్లు పరాయి మగవాడి కంట పడకుండా ఫొటో దిగగలిగిన చోటు అది. అమెరికాలో జార్జ్ ఈస్ట్‌మన్ మొదటి కొడాక్ కెమెరాను అమ్మకానికి పెట్టి అప్పటికి నాలుగేళ్లే అయింది. ఫొటోగ్రఫీలో మన నగరం ఎంత ముందుండేదో చెప్పడానికి నాకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం కనబడదు.

ఆ జనానా స్టూడియో పెట్టినవారు లాలా దీన్‌దయాళ్. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టారు. రూర్కీ థామసన్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. 1874 ప్రాంతంలో సరదాగా కెమెరా పట్టుకున్న ఆ ఉద్యోగి, పదేళ్లు తిరిగేసరికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. 1894లో నిజాం ఆయనకు ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చారు. కత్తి పట్టినవాళ్లకు దక్కే ‘జంగ్’ కెమెరా పట్టిన మనిషికి దక్కింది. 1897లో విక్టోరియా రాణి నుంచి కూడా గుర్తింపు వచ్చింది.

దీన్‌దయాళ్ ప్రతిభ ఎంత గొప్పదో, ఆయనకు కాలమూ అంతగా కలిసొచ్చింది. అంతకు ముందు తరం తడి పలకలతో కుస్తీ పట్టేది. ఫొటో తీయబోయే ముందు అద్దానికి కొలోడియన్ పూసి, వెండి ద్రావణంలో ముంచి, అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి, ఆరేలోపే కడగాలి. ఊరు దాటి వెళ్తే డార్క్ రూమ్‌గా వాడే డేరాను, మందు సీసాలను కూలీల చేత మోయించుకెళ్లాలి. 1880ల నాటికి కంపెనీల్లో తయారైన పొడి పలకలు అందుబాటులోకి వచ్చాయి. ముందే సిద్ధం చేసి పెట్టెల్లో పెట్టిన పలకలవి. అడవిలో తీసి, తీరిగ్గా స్టూడియోకి వచ్చి కడుక్కోవచ్చు. కొత్త సరంజామా రాగానే దాన్ని అందిపుచ్చుకోవడం దీన్‌దయాళ్ నైపుణ్యంలో సగం. ఇప్పుడు మిర్రర్‌లెస్ కెమెరా కొనాలా వద్దా అని తర్జనభర్జన పడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ వైపు నెక్కొండకు పులి వేటకు వచ్చారు. చచ్చిన పులి దగ్గర ఆయన భార్యతో కలిసి నిలబడిన ప్రసిద్ధ ఫొటో దీన్‌దయాళ్ సంస్థ తీసిందే. అదే సంస్థ ఔరంగాబాద్ ప్రాంతంలో కరువు పనులనూ ఫొటోలు తీసింది. వేట ఫొటో అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆ కరువు ఫొటోలే ఎక్కువ విలువైనవి. నిజాం కాలం అనగానే నగలు, ఏనుగులు, దర్బార్లే చూసే మన కళ్లకు అవి మిగతా రాజ్యాన్ని చూపిస్తాయి.

1905లో దీన్‌దయాళ్ పోయారు. ఆ తర్వాత నగరంలో కెమెరా కథ సికింద్రాబాద్ కన్నా అబిడ్స్, నాంపల్లి వైపే ఎక్కువగా నడిచిందని నా అభిప్రాయం. అబిడ్స్ పేరే ఒక దుకాణదారుడిది. ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మేనియన్ మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆంతరంగిక సేవకుడు. 1891లో నిజాంకు జేకబ్ వజ్రాన్ని అమ్మజూపిన బేరంలో మధ్యవర్తిగా నిలిచిన మనిషి కూడా ఆయనే. ఆయన పెట్టిన దుకాణం ఆ వీధికి పేరిచ్చి, తాను కనుమరుగైంది. విదేశీ సరుకు కావాలంటే అటు వెళ్లాలనే అలవాటు మాత్రం నగరానికి ఉండిపోయింది. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు సాగే చిరాగ్ అలీ లేన్‌కు పేరిచ్చిన మౌల్వీ చిరాగ్ అలీ కూడా 1844లోనే పుట్టి, ఉత్తరాది నుంచి నిజాం కొలువుకు వచ్చినవారే. దీన్‌దయాళ్‌కు ఈడువాడు. ఆ సందులోని కెమెరా షాపులకు వెళ్లే కుర్రాళ్లకు ఈ ముక్క చెప్పాలనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతుల మీద ఆంక్షలు పెరిగాయి. మంచి జర్మన్, జపాన్ కెమెరా మధ్యతరగతికి అందని పండయింది. అప్పుడు ఆదుకున్నవి బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ, ఐసోలీ. క్లిక్ త్రీలో 120 రీలు వేస్తే పన్నెండు ఫొటోలు, ఐసోలీలో పదహారు. ఊటీలో 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము తెచ్చింది. పన్నెండే ఉన్నాయంటే మీట నొక్కే ముందు మనిషి ఎంత ఆలోచిస్తాడో ఆ తరం వాళ్లను అడగండి. ఇంట్లో పెద్దాయన ‘కదలకండి’ అన్నాడంటే నిజంగానే ఎవరూ కదిలేవారు కాదు. డెబ్బైల తర్వాత గల్ఫ్ వెళ్లొచ్చిన పాతబస్తీ, కరీంనగర్ వాసుల పెట్టెల్లో యాషికాలు దిగాయి. కొన్ని ఇళ్లలో ఉండిపోయాయి, కొన్ని చేతులు మారి షాపుల అద్దాల అరల్లోకి చేరాయి. సెకండ్ హ్యాండ్ బజారుకు బలం ఇచ్చినవి అవే.

నాంపల్లి వాటా ఇంకొకటి ఉంది. ఉస్మానియా పట్టభద్రుల సంఘం 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన నుమాయిష్ 1946లో ఇప్పటి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు మారింది. జనవరి వచ్చిందంటే జిల్లాల నుంచి రైలెక్కి నాంపల్లిలో దిగిన కుటుంబాలు ఎగ్జిబిషన్‌లో ఫొటో దిగకుండా తిరిగి వెళ్లేవి కావు. రంగు వేసిన తెర ముందు, అట్ట కారులోనో అట్ట విమానంలోనో కూర్చుని దిగిన ఫొటోలు తెలంగాణ ఇళ్ల గోడల మీద ఇప్పటికీ ఉన్నాయి. దీన్‌దయాళ్ రాజులకిచ్చిన గౌరవాన్ని ఆ ఎగ్జిబిషన్ ఫొటోగ్రాఫర్లు రైతులకూ గుమాస్తాలకూ ఇచ్చారు. వాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ రాయలేదు.

కెమెరాను కళగా పట్టుకున్నవాళ్లూ మనకు ఉన్నారు. కోరుట్లలో పుట్టి హైదరాబాద్‌లో స్థిరపడిన బండి రాజన్ బాబు బ్రిటన్‌లోని రాయల్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ ఫెలోషిప్ అందుకున్నారు. నగరంలో ఫొటోగ్రఫీ స్కూలు నడిపి, 2011లో కన్నుమూశారు. వరంగల్‌కు చెందిన గుడిమల్ల భరత్ భూషణ్ బతుకమ్మను, పల్లె గోడలను, తలుపులను ఏళ్ల తరబడి తీస్తూ, 2022లో వెళ్లిపోయారు. ఏ కెమెరా కొనాలని అడిగే పిల్లలకు ముందు ఈ ఇద్దరి ఫొటోలు చూపించాలి. కెమెరా సంగతి తర్వాత.

తర్వాత అన్నాను కానీ, అదీ చెప్పాలి. కొడాక్ ఇంజనీర్ స్టీవెన్ సాసన్ 1975లోనే డిజిటల్ కెమెరా తయారుచేశారు. ఆ కొడాక్ 2012లో దివాలా రక్షణ కోరింది. అబిడ్స్‌లో కూడా రీళ్లు కడిగి ప్రింట్లు వేసే గిరాకీ కరిగిపోయింది. ఇప్పుడు అక్కడి కౌంటర్ల ముందు నిలబడేవాళ్లలో పెళ్లి ఫొటోగ్రాఫర్లు, యూట్యూబ్ కుర్రాళ్లు ఎక్కువ. పాత ఫిల్ము కెమెరాలకు మళ్లీ మోజు పుట్టింది. ఆ మోజు మంచిదే, అయితే కళ్లు తెరిచి కొనాలి. లెన్సును వెలుగుకు ఎదురుగా పట్టుకుని లోపల సాలెగూడులా తెల్లటి పోగులు ఉన్నాయేమో చూడండి. అది ఫంగస్. మన వానాకాలం తేమలో మూసిపెట్టిన లెన్సుకు పట్టే జబ్బు అదే. బ్యాటరీ అరలో పచ్చటి తుప్పు ఉంటే అది లోపలి వైర్లను తినేసిందేమో అడగండి. ఫిల్ము కెమెరా వెనక మూత తెరిచి సెకను, అరసెకను, ఇలా ప్రతి వేగంలోనూ షట్టర్ నొక్కి చెవితో వినండి. డిజిటల్ అయితే షట్టర్ ఎన్నిసార్లు పనిచేసిందో లెక్క చూపించమనండి. అమ్మేవాడు కసురుకుంటే ఇంకో షాపు ఉంది. కొత్తది కొనేటప్పుడు బిల్లు లేకుండా తగ్గింపు ఇస్తామంటే ఒప్పుకోకండి. డిజిటల్ కెమెరాల మీద జీఎస్టీ 2019 జనవరి నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. బిల్లు లేకపోతే వారంటీ లేదు, దొంగసొత్తు కాదన్న భరోసా కూడా లేదు. బేరం మాత్రం ధైర్యంగా ఆడండి. ఆదివారం వెళ్తే దారిలోనే ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఫొటోగ్రఫీ పుస్తకాలూ వెతకండి. లెన్సుకు పెట్టే డబ్బులో నూరో వంతు పుస్తకానికి పెడితే చూపు మారుతుంది.

ఇంత చరిత్ర ఉన్న నగరంలో ఆ చరిత్ర ఎక్కడుంది? దీన్‌దయాళ్ అద్దం నెగెటివ్‌లు 2,857ను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించింది. భద్రంగా ఉన్నాయి, సంతోషం. 2006లో తపాలా శాఖ ఆయన పేరిట బిళ్ల కూడా వేసింది. హైదరాబాద్‌లో మాత్రం ఫొటోగ్రఫీకంటూ ఒక మ్యూజియం నిలబడలేదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోనే రాష్ట్ర పురావస్తు మ్యూజియం ఉంది. అందులో ఒక గది తెలంగాణ ఫొటోకు ఇవ్వాలి. జనానా స్టూడియో నుంచి ఎగ్జిబిషన్ అట్ట విమానం దాకా అక్కడ చూపించాలి. ప్రభుత్వం చేయగలిగిన పనే ఇది.

పాఠకులు చేయగలిగింది ఇంకా పెద్దది. మూతపడిన స్టూడియోల నెగెటివ్‌లు వెండి తీయడానికి తూకానికి పోతున్నాయి. మీ నాన్నగారో తాతగారో స్టూడియో నడిపి ఉంటే ఆ పెట్టెలు పాత సామాన్ల వాడికి ఇవ్వకండి. నెగెటివ్‌లను ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి కాగితం కవర్లలో పెట్టండి. అద్దం పలకలుంటే ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలువుగా ఉంచండి. తడిగుడ్డతో తుడవకండి. వినెగర్ వాసన వేస్తున్న రీళ్లను విడిగా పెట్టి ముందుగా స్కాన్ చేయించండి. ప్రతి కవరు మీదా ఊరు, ఏడాది, మనుషుల పేర్లు పెన్సిల్‌తో రాయండి. ఆ పేర్లు చెప్పగలిగే పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే ఈ వారమే ఆ పెట్టె దించండి.